నల్లబడ్డ బుగ్గలు

1909 మార్చి 3, బుధవారం. వాన్సెన్

మా ఆయన ఫ్లోరిమోన్ తన మొదటి ఫిల్ములో ప్రేమికుడు. నాటకాల అలవాటు కొద్దీ బుగ్గలకీ పెదాలకీ ఎర్రరంగు దట్టంగా పట్టించాడట. ఎరుపు కెమెరాలో నలుపవుతుందయ్యా, కడుక్కుని రా అని కెమెరా ఆయన మొత్తుకున్నాడట. ఎనిమిదేళ్లు స్టేజీ ఏలినవాడికి నువ్వా నేర్పేది, తిప్పు నీ కెమెరా పిడి అనేశానే అని గొప్పగా చెప్పాడు. సూప్ చల్లారేదాకా అద్దంలో మీసం చూసుకున్నాడు. నన్ను చూడలేదు.

మార్చి 9, మంగళవారం

ఆ ఫిల్మే ఇవాళ రంగులు వెయ్యడానికి మా వర్క్‌షాపుకి వచ్చింది. ఇక్కడ ఫిల్ములోని ఒక్కో బొమ్మకీ చేత్తో రంగు వేస్తాం, ఒక్కొక్కరిది ఒక్కో రంగు. నాది గులాబి. భూతద్దం కింద ఆయన బుగ్గ మీద కుంచె పెట్టాను. నలుపు మీద గులాబి నిలవదు. పక్క బల్ల ఓర్తాన్స్ తొంగిచూసి, ఏమే, మీ ఆయన ప్రేమించడానికొచ్చాడా, పొగగొట్టం తుడవడానికొచ్చాడా అంది. గదిలో ఉన్న నలభై మందీ నవ్వారు. నేను తల ఎత్తలేదు. కానీ నాకూ నవ్వొచ్చింది. ఆ మసి మొహంతో ఎంత గంభీరంగా ఉన్నాడో! పెళ్లినాడు కూడా ఆయన మీద ఇంత ప్రేమ కలగలేదు.

మార్చి 10

బుగ్గలు నల్లగా పడ్డాయని ఆయనకి చెప్పాను. కుంచె పట్టుకునేదానివి, నటన గురించి నీకేం తెలుసే అన్నాడు. శనివారం ఆటకి వీధంతా పిలిచేశాడు.

మార్చి 13, శనివారం

హాలు విరగబడి నవ్వింది. తెర మీద ఆయన దొరసాని చేతిని ముద్దు పెట్టుకోబోతుంటే, ముందు మూతి కడుక్కోవయ్యా అని ఎవరో అరిచారు. నా పక్కన కూర్చున్న ఆయన లేచి నిలబడ్డాడు. రేపే మా ఊరు రూఆన్ వెళ్లిపోతాను, ఇక ఎవరికీ మొహం చూపించను అన్నాడు. చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాను. ఆ ధైర్యం ఎక్కడిదో నాకే తెలియదు. ఒట్టి రంగుకైతే ఒకసారి నవ్వి ఊరుకునేవాళ్లు, మీరు ప్రాణం పెట్టి ప్రేమించారు కనుక ఆపలేకపోతున్నారు, ఇది ఇంకెవరికీ చేతకాదు అన్నాను.

తెర వదిలి, నవ్వుతున్న జనాన్ని చూడడం మొదలుపెట్టాడు. తర్వాత, రెండో ఆట కూడా చూద్దామా అన్నాడు.

మార్చి 14

నిన్నటి ఆటలో నీకూ నిజంగా నవ్వొచ్చిందా అని నాలుగుసార్లు అడిగాడు. నా మొహంలోకే చూస్తూ. నాలుగుసార్లూ అవునన్నాను.

మార్చి 16

ఇంకో ఆరు ఫిల్ములు చెయ్యమంది కంపెనీ. అన్నీ నవ్వించేవే. సరేనని వచ్చాడు.

మార్చి 17

బజారులో చేపలావిడ ఆయన్ని గుర్తుపట్టి పొట్ట పట్టుకుని నవ్వింది. ఆయన టోపీ తీసి, ముందు చేపకీ తర్వాత ఆవిడకీ వంగి వందనం చేశాడు. జనం మూగారు.

ఈయన మా ఆయన అన్నాను. అందరికీ వినబడేలా.