నలభై ఏడో నంబరు

ఆగస్టు 4, సోమవారం
కాలనీ సాహిత్యోత్సవం కమిటీలో నన్ను వేశారు. పద్దెనిమిదేళ్ల కిందట మూడు కథలు అచ్చయిన పాపానికి. కమిటీ అంటే సెక్రటరీ, బేకరీ ఓనరు, పళ్ళ డాక్టరు. పళ్ళ డాక్టరు కవి కూడా. పేషెంటు నోట్లో దూది కుక్కి, కదలకుండా చేసి కవిత వినిపిస్తాడని ప్రతీతి. బ్యానర్ రంగు మీద గంటసేపు కొట్టుకున్నారు. సాహిత్యం అన్న మాట ఒక్కడూ ఎత్తలేదు. ఛీ. ఇంటికొచ్చేసరికి అన్నం చల్లారిపోయింది.

ఆగస్టు 7, గురువారం
నేను పట్టుబట్టి ఒక రూలు పెట్టించాను. అంశం "మా ఇంట్లో మనిషి". కాలనీలో ఉండే టీచరమ్మ మధ్యాహ్నాలు కమ్యూనిటీ హాల్లో రాయడం నేర్పుతుంది. వచ్చినవాళ్లు చేత్తోనే రాసివ్వాలి. పేరు మీద కాగితం పట్టీ అంటించి నంబరు వేస్తారు. అన్నీ చదివి పది ఏరేది నేనొక్కణ్ణే. ఏ నంబర్లో ముందు చెప్పరు, స్టేజీ మీద పిలిచినప్పుడే ఆ పదిమందీ ఎవరిది వాళ్లు చదువుతారు. ఇందులోనైనా కాస్త నీతి ఉండాలి.

ఆగస్టు 16, శనివారం, ఉదయం 10
ఎనభై ఆరు వచ్చాయి. అమ్మ మీద ముప్పై నాలుగు. అన్నింట్లోనూ అమ్మ కొవ్వొత్తే. కుక్క మీద తొమ్మిది, అవే నయం. ఒకాయన తన మీద తనే రాసుకున్నాడు.

11.30
ఏడు కాగితాల మూల పెన్సిల్ చుక్క కనిపించింది. అందులో సెక్రటరీ తోడల్లుడిది ఒకటి, ఆ కోడిగీతలు నాకు తెలుసు. సెక్రటరీకి ఫోన్ చేసి నిలదీశాను. ఏదో గుర్తు కోసం పెట్టాను లెండి, మీలాంటి పెద్దవాళ్లు చూసీ చూడనట్టు పోవాలి అన్నాడు. కంచే చేను మేస్తుంటే ఇంకెవరితో చెప్పుకోవాలి. రబ్బరు తీసుకుని ఏడు చుక్కలూ తుడిచేశాను. నా దగ్గర ఈ వేషాలు సాగవు.

ఆగస్టు 17, ఆదివారం
నలభై ఏడో నంబరు మా ఆవిడది.

పట్టీ ఊడదీసి చూడలేదు. పాల చీటీ మీదా మందుల చీటీ మీదా ఇరవై రెండేళ్లుగా చూస్తున్న రాత. మధ్యాహ్నాలు హాలుకు వెళ్తోందని నాకు తెలియదు. చెప్పిందేమో, నేను విననే లేదేమో.

మా ఆయన రోజూ డైరీ రాస్తారని మొదలుపెట్టింది. ఆయన ఆఫీసుకు వెళ్లాక తను తీసి చదువుతుందట. పదకొండేళ్లుగా. ఇంట్లో మాట్లాడరు కాబట్టి, అలాగైనా ఆయన మాట వినొచ్చని. అందులో మేనేజరు దగ్గు ఉందట, ఫ్యాను బాగుచేసినవాడి మీసం ఉందట, తను లేదట. తనకు ఆపరేషన్ అయిన రోజున "క్యాంటీన్‌లో తిన్నాను, ఉప్పెక్కువ" అని ఉందట. మర్నాడైనా రాస్తారేమోనని ఆగి చూసిందట. ఎక్కడా కోపం లేదు, నిష్ఠూరం లేదు. ఒళ్లు మండిపోయింది నాకు.

పాత డైరీ తీసి చూశాను. ఉప్పెక్కువ అనే ఉంది.

ఎనభై ఆరింటిలో ఇదొక్కటే రచన. అచ్చయిన నా మూడు కథలూ దీని ముందు దిగదుడుపే.

ఆగస్టు 18, సోమవారం
ఇకనుంచి డైరీ ఆఫీసు సొరుగులో. తాళం వేశాను.

ఆగస్టు 19, మంగళవారం
పది ఏరి ఇచ్చేశాను. నలభై ఏడు అందులో లేదు. కాలనీ అంతా కూర్చుని ఉండగా ఆవిడ మైకు ముందు నిలబడి అది చదివితే నేను తలెత్తుకు తిరగగలనా? పది నిండాలి కదా అని దాని చోట తోడల్లుడిది పెట్టాను. సెక్రటరీ ఫోన్ చేసి, మీరూ మనవాళ్లే అనిపించారు సార్ అన్నాడు. ఫోను కడుక్కోవాలనిపించింది.

ఆగస్టు 21, గురువారం
కమిటీ దగ్గర జాబితా చూసి టీచరమ్మ ఆఫీసుకే వచ్చింది. నలభై ఏడు ఏమైందండీ, క్లాసులో ఆవిడ చదువుతుంటే చెవులప్పగించి విన్నాం అంది. స్థాయి చాలలేదన్నాను. సరేనండీ, అర్థమైంది అని లేచింది. టీ ముట్టుకోలేదు.

ఆగస్టు 24, ఆదివారం
ఉత్సవం అయిపోయింది. డైరీ ఆఫీసులో ఉంది, ఇది విడి కాగితం మీద రాస్తున్నాను. ముఖ్య అతిథి గంటన్నర తన గొప్పలే చెప్పుకున్నాడు. పళ్ళ డాక్టరు పట్టిన మైకు వదల్లేదు. షరా మామూలే.

నేను మాత్రం మూడో వరుసే చూస్తున్నాను. మా ఆవిడ ఇస్త్రీ చీర కట్టుకుని కూర్చుంది. చేతిలో మడిచిన కాగితం. నంబరు పిలిచినప్పుడల్లా కళ్ళజోడు పెట్టుకుంటోంది, తనది కాదని తెలిశాక తీసేస్తోంది. తొమ్మిదయ్యాయి. పదోది తోడల్లుడు, మామగారి ఔదార్యం మీద చదివాడు. అందరూ చప్పట్లు కొట్టారు. కాగితం ఒళ్లో పెట్టుకుని ఆవిడా కొట్టింది.

దారిలో ఒక్కటే అడిగింది, ఎనభై ఆరూ చదివారా అని. చదివారు అన్నాను, ఎవరో చదివినట్టు.

ఆగస్టు 25, సోమవారం
పొద్దుట సొరుగు తీసి, ఏడో తారీకు పేజీ చూశాను. అన్నీ చదివేది నేనొక్కణ్ణే అని రాసుకున్నాను. అప్పటికి డైరీ ఇంట్లోనే ఉంది. అంటే ఆవిడ చదివే ఉంటుంది. చదివాకే పెన్ను పట్టుకుంది. అది నాకు రాసింది. నేను చదివి తీరాలి కాబట్టి రాసింది.

ఛీ, నా బతుకు. సెక్రటరీ నా కంటే వెయ్యిరెట్లు నయం.

డైరీ ఇంటికి తీసుకెళ్తున్నాను. ఒక్క ముక్క కొట్టెయ్యను. టేబుల్ మీదే పెడతాను. చదవనీ. తిట్టనీ.

ఆగస్టు 30, శనివారం
తెరిచిందో లేదో తెలియాలని డైరీ లోపల తలవెంట్రుక ఒకటి పెట్టి ఆఫీసుకు వెళ్తున్నాను. ఐదు రోజులుగా పెట్టిన చోటే ఉంది. టేబుల్ మాత్రం రోజూ తుడుస్తోంది. డైరీ ఎత్తి, కింద తుడిచి, మళ్ళీ అక్కడే పెడుతోంది.