కొత్త లినక్సుల పాత అర్జీలు చదవస్తలెవ్వు

పెద్దక్క లచ్చవ్వ కాళ్లకు కోరుట్ల నుంచి తమ్ముడు మల్లేశం మొక్కి చెప్పుకునే ముచ్చట. నీ మోకాళ్లు ఎట్లున్నయి? బావ దగ్గు తగ్గిందా? తగ్గకున్నా తగ్గిందనే చెప్తడు, సూదంటే గోడ దునికి ఉరికే మనిషాయె. మేం ఇక్కడ పైలంగనే ఉన్నం. లత పైలం, మనుమరాలు చిన్ని పైలం, నేను గూడ పైలమే.

గీ ఉత్తరం చేత రాసింది గాదు. లత దుకాన్ల కంప్యూటర్ మీద నేనే కొట్టిన, ఒక్క ఏలుతోని. గిరాకి లేనప్పుడు కూసోని కొడుతున్న, మూడు దినాలాయె. నాలుగో తరగతి దాకా సదివి తాటిచెట్లెక్కినోడు కంప్యూటర్ కొడుతుండంటే బావ నమ్మడు. నమ్మకుంటే నమ్మకపాయె, నువ్వు సదివి వినిపియ్యి. ఫోన్ల ఎందుకు చెప్తలేనంటే, నా గొంతు ఇనంగనే నువ్వు పసిగడ్తవు. కొన్ని ముచ్చట్లు నాకు నోట్లెకెళ్లి రావు.

ఎల్లారెడ్డిపేట ఇడిసిపెట్టి రెండేండ్లాయె. నడుం పోయినంక చెట్టెక్కుడు బందైంది, బోరు ఎండినంక ఎవుసం బందైంది. అల్లుడు శ్రీను బయటి దేశం పోయినంక బిడ్డకు తోడుంటనని అచ్చిన. తోడు ఎవలు ఎవలకో దేవునికెర్క. దుకానం ముందటి బస్టాండు దుమ్మంత నా ఊపిరితిత్తులల్లనే ఉన్నది. లత బీపీ బీపీ అని కూరల ఉప్పెయ్యది, నూనెయ్యది. వేడినీళ్లల్ల వంకాయలు ఈత కొడుతున్నట్టుంటది. ఎవలన్నా ఇటు అస్తే జర మక్క పిండి పంపు, గటక చేయించుకుంట.

నా పనేందంటే దుకాన్ల ముందటి కుర్సీల కూసోని అర్జీలు సదివి వినిపియ్యాలె. లత అర్జీ కొట్టి ప్రింటు తీస్తది. సదువు రానోళ్లు ఏలిముద్ర పెట్టకముందే నేను మొత్తం గట్టిగ సదవాలె. "ఏం రాసిందో ఇనకుండ ఏలు పెట్టద్దు" అని లత కట్టడి. పింఛనుదో, భూమిదో, బయటి దేశంల చిక్కినోళ్లదో, దినాం సదువుతనే ఉంట. మొన్న ఒకామె, "తాతా, నువ్వు సదివితే నా కట్టం నాకే ఎక్కువనిపిస్తుంది" అన్నది. "ఇంక ఎక్కువ కావాల్నంటే రాగం తీస్త" అన్న. నవ్వింది, ఏలు పెట్టి పోయింది. మాపటికి గొంతు ఎండుకపోతది అక్కా. మంచి ముచ్చట ఒక్కటి గూడ ఉండది గా కాయితాలల్ల.

శ్రీను సంగతి నీకెర్కే. అక్కడ కంపిని మూసిండ్రు, పాసుపోర్టు వాళ్ల దగ్గరనే ఉండిపోయింది. ఒక్క రూంల ఆరుగురు, ఎవలో తెచ్చి పెడితే తింటున్నరు. ఇంటికి తెప్పియ్యుండ్రని ఒకసారి అర్జీ ఇచ్చినం. కాయితాలు ఇంకొన్ని పెట్టి సోమవారం జగిత్యాల కలెక్టరాఫీసుకు మల్ల తెమ్మన్నరు. లత ముందే కొట్టి పెట్టుకున్నది. ఇగ ప్రింటు తీసుడే.

గప్పుడే కంప్యూటర్ సచ్చింది. సచ్చిందంటే పూర్తిగ గాదు, బావ లెక్క, లేపితే లేస్తది గానీ గంట పడతది. దాంట్ల ఉన్న విండోసు పాతదైందట, ఇగ దానికి మరమ్మతులు రావట, కొత్త విండోసు గా డబ్బల పట్టదట. కొత్త డబ్బ కొనుండ్రి అన్నడు రిపేరాయన. ఏడికెళ్లి కొంటం? దుకానం బందైతే పొయ్యి బందైతది. లత ఫోన్ల వీడియోలు సూసుకుంట విండోసుకు బదులు లినక్స్ అని ఒకటి పట్టుకచ్చింది. కొత్తగ నేర్చుకునేటోళ్లకు అల్కగుంటదట, ఊకెనే ఇస్తరట.

"ఊకెనే ఎవడిస్తడే, ఏదో తిరకాసున్నది" అన్న.

"నువ్వు ఊరంతటికి ఊకెనే కల్లు పోస్తుంటివి, ఎవలన్నా తిరకాసు అడిగిండ్రా బాపూ" అన్నది.

నా బిడ్డనే గదా.

ముందుగాల పెన్‌డ్రైవుల పెట్టి నడిపిచ్చి సూసింది. డబ్బలకు ఎక్కియ్యకుండనే నడుస్తది, నచ్చితేనే ఎక్కిచ్చుకోవచ్చు. ప్రింటరు పెట్టంగనే పట్టుకున్నది. స్కానరు ఒక పూట సతాయించింది. ఇగ మంచిగున్నదనుకోని, కాయితాలన్ని ఇంకో పెన్‌డ్రైవుల దాసి, దుకానం బందుండే ఆదివారం పొద్దుగాల పాతదంత తుడిచి కొత్తది ఎక్కిచ్చింది. నేను టెంకాయ కొట్టిన. "నీళ్లు పడ్తయి, బయట కొట్టు బాపూ" అని మొత్తుకున్నది. తెరుసుకున్నంక సూస్తే గమ్మతి, ఎడమ దిక్కు కింద మూలకు బటను, నొక్కితే అన్ని వరుసగ కనవడ్తున్నయి. నేను గూడ తప్పిపోలె. ఒక్కటే పీడ, ఏది మార్సబోయినా పాసువర్డు అడుగుతది. నువ్వు అంగడికి పోతుంటే బావ ఎటు, ఎందుకు, ఎవలతోని అన్నట్టు.

తప్పు నాది. తుడవకముందే శ్రీను అర్జీ ప్రింటు తీస్తనన్నది లత. నేనే ఆపిన. "కొత్త మిషినికి బోని అల్లుడి అర్జీతోనే కావాలె, మంచి జరుగుతది" అన్న.

బోనికని తెరిస్తే అంత గీతలు, చుక్కలు, ఇంగ్లీషు ముక్కలు. ఇన్నేండ్లు లత కొట్టింది పాత తెలుగు అచ్చు, ఫాంటు అంటరట. అది విండోసులనే నడిచేదట. గీ కొత్తదాంట్ల తెలుగు సక్కగున్నది గానీ వేరే తెలుగు, మీటల వరుస వేరే. పాత ఫైలు ఒక్కటి గూడ చదవస్తలేదు. ఆదివారమాయె, ఇంకో దిక్కు తీద్దామంటే పక్క దుకాన్లన్ని బంద్. లత మొకం సూడలేకపోయిన. "అయిదేండ్ల పని బాపూ" అన్నది, గంతే.

"ఫైళ్లు పోతే పోనీ, నా నోట్లె ఉన్నయి గదనే" అన్న. నిజమే, సదివి సదివి అన్ని నోటికచ్చినయి. నేను చెప్పుడు, ఆమె కొత్త మీటలు దేవులాడుకుంట కొట్టుడు. ఒక్కో అచ్చరానికి గోడ కట్టినంత సేపు. నేను కండ్లు మూసుకోని చెప్తున్న: ఫలానా దేశంల పనికి పోయిండు, ఇంత కాలం అయింది, మేము బీదోళ్లం. నోరు దాని పాటికి అది పోతున్నది. "కావున అతని పార్థివ దేహమును స్వగ్రామమునకు తెప్పించి కడసారి చూపు దక్కించగలరని" అన్న.

టకటక ఆగింది. కండ్లు తెరిసిన. తెర మీద "పార్" అని ఉన్నది.

"బాపూ, గది రాజు బావది" అన్నది లత. "మా ఆయన పానంతోని ఉన్నడు. పొద్దుగాల ఫోన్ చేసిండు."

అక్కా, నీకు ఏ మొకంతోని చెప్పాలె? బయటి దేశంల పానమిడిసిన నీ కొడుకు రాజు అర్జీ పట్టుకోని నీ ఎంబడి ఎన్ని ఆఫీసులు తిరిగిన. ఏడుపుకు నీకు సదవ చేతగాకపోయె, ప్రతీ బల్ల ముందట నేనే సదివిన. పిల్లగాన్ని పెట్టెల దింపినంక గది నోట్లెకెళ్లి పోతదనుకున్న. పోలె. అల్లుడు బతికుండంగ ఆయన పేరు మీద అదే అచ్చింది. జన్మల మొదటిసారి నాకు ఒక్క పరాచికం గూడ దొరకలె.

లత తిట్టలె. అచ్చరం ఎన్క అచ్చరం తుడిచింది. కుర్సీ నా దిక్కు తిప్పి, "ఇగ నువ్వు చెప్పకు, నేను చెప్పుకుంట కొడుత, నువ్వు ఇను" అన్నది. ఆఫీసు మాటలు ఒక్కటి రాయలె. మా ఆయన పలానా రూంల ఉన్నడు, అరికాలు పుండైంది, చెప్పులు లెవ్వు, పిల్ల ఫోన్ల తప్ప నాయినను సూడలె, మనిషిని మనిషి లెక్క తోలియ్యుండ్రి. పొద్దుగూకె యాల్లకు ఒక్క పేజీ అయింది. నేను కుర్సీల కూసోని ఇన్న. రెండేండ్ల కెళ్లి నా ఎదురుంగ కూసున్నోళ్లు ఎట్ల ఇంటరో గప్పుడు ఎర్కైంది.

సోమవారం జగిత్యాల పోయినం. సారు మొత్తం సదివిండు, నడుమ ఒకసారి కండ్లద్దాలు తీసిండు. రూం నంబరు మల్ల అడిగి రాసుకున్నడు. అయితదని అనలె, కాదని అనలె. సూస్తున్నం. ఫోన్ మోగితే ఇద్దరం ఒక్కటేసారి లేస్తున్నం.

గా దినం కెళ్లి లత దినాం కొన్ని పాత అర్జీలు నన్ను అడిగి కొత్త తెలుగుల కొట్టుకుంటున్నది. పింఛనుదైంది, భూమిదైంది, చిక్కినోళ్లదైంది. రాజుదొక్కటి మిగిలింది. నిన్న నేనే అడిగిన, అది గూడ చెప్పాల్నా అని. "వద్దు బాపూ. ఎవలన్నా గసొంటి కట్టంల అస్తే గప్పుడు, వాళ్లను అడిగి కొడుత. తయారుగ పెట్టుకోను" అన్నది.

బావకు, వాడకట్టు పెద్దలకు నా దండాలు. లత, చిన్ని నీ కాళ్లు మొక్కుతున్నరు. అక్కా, నా నోటి మీద నాకు నమ్మకం లేదు. నువ్వు నీ నోటితోని ఒక్కసారి అను, శ్రీను నడుసుకుంట ఇంటికస్తడని.

నీ తమ్ముడు
మల్లేశం