క్లచ్ మీద ఎవరి కాలు

మూడో తేదీ

అన్నయ్యకి నమస్కారాలు.

ఇది మామూలు ఉత్తరం కాదు, కూర్చుని చదువు. యాభై రెండేళ్ల వయసులో నీ చెల్లెలు మొట్టమొదటిసారి డ్రైవింగ్ లైసెన్సుకి అప్లై చేసింది.

మా లైబ్రరీకి పుస్తకాల వ్యాన్ ఉంది కదా. వెనక అరల మధ్య స్టూలు మీద కూర్చుని నేను పుస్తకాలు ఇస్తాను, ముందు డ్రైవర్ బాబాయ్ నడుపుతాడు. ఆయన ఈ నెలాఖరుకి రిటైరవుతున్నాడు. కొత్త మనిషిని ఇవ్వరట. స్టాఫ్‌లో ఎవరికైనా లైసెన్సు ఉంటే సరేసరి, లేకపోతే ఒకటో తారీఖు నుంచి వ్యాన్ షెడ్డులోకి, అక్కణ్ణుంచి పాత ఇనుములోకి. ఇటుకల బట్టీ పిల్లలకీ, ఆసుపత్రి వెనక క్వార్టర్స్‌లో మంచం దిగలేని టీచరమ్మకీ పుస్తకాలు ఎవరు పట్టుకెళ్తారు? “మీలో ఎవరికైనా బండి నడపడం వచ్చా?” అని మీటింగులో అడిగితే అందరూ తల వంచుకుని చెప్పులు చూసుకున్నారు. నేను చెయ్యెత్తాను.

ఎందుకెత్తనూ? ముప్ఫై ఏళ్ల కిందట నీ డ్రైవింగ్ స్కూలు కారు నలభై రోజులు నడిపినదాన్ని. ఒక్కసారంటే ఒక్కసారి బండి ఆగలేదు. లైసెన్సు తీసుకునేలోపు పెళ్లి కుదిరింది, అంతే. పొద్దున ఆరింటికి తడి రోడ్డు, సీట్లలోంచి వచ్చే పెట్రోలు వాసన, నీ చొక్కా జేబులో దువ్వెన... నిన్న ఫారం నింపుతుంటే అవన్నీ గుర్తొచ్చి కలం ఆగిపోయింది. ఎంత బాగుండేవో ఆ పొద్దులు!

పదో తేదీన పరీక్ష. డ్రైవర్ బాబాయ్ ప్రాక్టీసు చేయిస్తానన్నాడు గానీ అక్కర్లేదన్నాను.

ఇప్పటికింతే,
నీ చెల్లెలు

తా.క.: ఫారంలో “ఎవరి వద్ద నేర్చుకున్నారు” అన్నచోట నీ పేరు పెద్దక్షరాలతో రాశాను. ఇంకాస్త చోటుంటే నీ మీసం గురించి కూడా రాసేదాన్ని.

*

ఆరో తేదీ

చెల్లాయిని ఆశీర్వదించి రాస్తున్నది.

నీ ఉత్తరం కూర్చునే చదివాను. చదివాక లేచి వసారాలో నాలుగుసార్లు అటూ ఇటూ తిరిగాను.

వ్యాన్ అంటే మాటలు కాదే. కళ్లద్దాల నంబరు చూపించుకున్నావా? మోకాళ్ల సంగతేమిటి? పుస్తకాలు సైకిల్ మీద పట్టుకెళ్తే చాలదా? ఒంటికి కూడా మంచిది. పెద్ద బుట్ట నేను కొనిపెడతాను.

అంతగా కాదంటే పరీక్ష వాయిదా వేయించు. అదీ కుదరదంటే నేనే వచ్చి పరీక్షలో నీ పక్కన కూర్చుంటాను. మీ బ్రేకు ఇన్స్పెక్టరుని ఎలాగోలా ఒప్పించు. తొందరపడి ఒక్కదానివే మాత్రం ఎక్కకు.

కంగారులో,
అన్నయ్య

తా.క.: “ఊరందరికీ డ్రైవింగ్ నేర్పి సొంత చెల్లెలికి సైకిల్ బుట్ట కొంటావా?” అని మీ వదిన పడీపడీ నవ్వుతోంది. నాకు నవ్వు రావడం లేదు.

*

పదకొండో తేదీ

డ్రైవింగ్ మాస్టారుగారికి,

మీ కోరిక తీరింది. ఫెయిలయ్యాను.

వ్యాన్ స్టార్ట్ చేశాను, గేరు వేశాను. వ్యాన్ కప్పలా గెంతి ఆగిపోయింది. మళ్లీ స్టార్ట్ చేశాను, మళ్లీ గెంతింది. ఏడుసార్లు! వెనక అరల్లోంచి డిక్షనరీలన్నీ దబదబా రాలాయి. ఇన్స్పెక్టరు కళ్లజోడు ఒకవైపు, కలం ఒకవైపు. గోడ పక్కన నిలబడ్డ డ్రైవర్ బాబాయ్ మూడో గెంతుకే కళ్లు మూసుకున్నాడు.

అప్పుడు ఇన్స్పెక్టరు కళ్లజోడు వెతుక్కుంటూ “నీకు నేర్పిందెవరమ్మా?” అన్నాడు. గర్వంగా నీ పేరు చెప్పాను. ఆయన మొహంలో ఒక నవ్వు వచ్చింది చూడూ! “ఓహో, మాస్టారా!” అని, ఇంకో మాట లేకుండా ఫెయిల్ అని రాసేశాడు.

నేనేమీ పిచ్చిదాన్ని కాదు. వద్దన్నావు, వాయిదా అన్నావు, సైకిలన్నావు. నువ్వు చేసిన పని నాకు తెలిసిపోయింది. నాన్న వద్దంటే ఎదురుగా నిలబడి వద్దనేవాడు. నువ్వు నా పక్షమే అన్నట్టు నటించి మోసం చేశావు. ఎందుకు చేశావో చెప్పు, చాలు.

ఇరవై ఎనిమిదిన ఇంకొక్క అవకాశం ఉంది. అదీ పోతే వ్యాన్ పోయినట్టే.

బాధతో,
మీ విద్యార్థిని

తా.క.: మీ బావగారు నాకు టీ అందించి, కప్పు నా చేతికి రాగానే రెండడుగులు వెనక్కి జరిగి నిలబడుతున్నారు.

*

పదిహేనో తేదీ

చెల్లాయీ,

ఎప్పుడో ఒకరోజు తెలుస్తుందని అనుకుంటూనే ఉన్నాను. ముప్ఫై ఏళ్లు పట్టింది. సరే, చెబుతున్నాను.

స్కూలు కారులో నా వైపు కూడా క్లచ్, బ్రేకు ఉండేవి కదా. నాన్న ఏమన్నాడో నీకు తెలీదు. “బండి ఒక్కసారి నడిరోడ్డు మీద ఆగి పిల్ల నవ్వులపాలైందంటే, మర్నాటి నుంచి స్టీరింగ్ ముట్టనివ్వను” అన్నాడు. మొదటిరోజు గేటు దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నువ్వు గేరు మీద చెయ్యి వెయ్యగానే నా వైపు క్లచ్ నేను తొక్కాను. నీ కాలు కింద పెడల్ దానంతటదే దిగితే “ఎంత మెత్తటి బండి అన్నయ్యా!” అన్నావు.

మలుపు తిరిగాక కాలు తీసేద్దామనుకున్నాను. నువ్వు నా వైపు తిరిగి “నేనే నడుపుతున్నా!” అన్నావు. ఆ మొహం చూశాక కాలు తియ్యబుద్ధి కాలేదు. అలా నలభై రోజులు తొక్కాను. నీ క్లచ్ ఏనాడూ నువ్వు తొక్కలేదమ్మా. మాస్టారుగా అది తప్పే. నీ వ్యాన్ పోతే ఆ పాపం నాదే.

తలవంచుకుని,
అన్నయ్య

తా.క.: ఈ ఉత్తరం మీ వదిన చదివేసింది. రెండు రోజులుగా నన్ను చూసినప్పుడల్లా ఎడమ కాలు గాల్లో ఊపి చూపిస్తోంది.

*

పద్దెనిమిదో తేదీ (పోస్టుకార్డు)

అన్నయ్యా,

నేనన్నది అది కాదు! నువ్వు ఇన్స్పెక్టరుకి ఉత్తరం రాసి నన్ను ఫెయిల్ చేయించావనుకున్నాను. ఈ క్లచ్ సంగతి నువ్వు చెప్పేదాకా నాకు కల్లో కూడా తెలీదు. ఇప్పుడింతకంటే రాయలేను.

చెల్లి

తా.క.: కార్డు కాబట్టి మీ పోస్ట్‌మన్ కూడా చదువుతాడు. చదవనీ. సిగ్గుపడాల్సింది నువ్వు.

*

ముప్ఫయ్యో తేదీ

మా అన్నయ్యకి,

పాసయ్యాను! నిన్నటి నుంచి లైసెన్సు ఇంట్లో అందరి చేతుల్లోంచీ తిరిగి తిరిగి నా దగ్గరికొచ్చింది. ఫొటోలో దొంగలా ఉన్నాను, అయినా ఫరవాలేదు.

కార్డు రాశాక రెండు రోజులు నీ మీద మండిపడ్డాను. మూడోరోజు ఏడుపొచ్చింది. నా కోసం నలభై పొద్దులు ఒంటికాలి మీద కష్టపడ్డావనుకుని పొంగిపోయాను. ఇంత ప్రేమ ఎవరికి దొరుకుతుందని మీ బావగారికి కూడా చెప్పాను. ఆ తర్వాత చెంగు బిగించి డ్రైవర్ బాబాయ్ దగ్గర పొద్దునా సాయంత్రం క్లచ్ తొక్కడం నేర్చుకున్నాను.

మొన్న పరీక్షలో వ్యాన్ గెంతకుండా కదిలింది. ఇన్స్పెక్టరు ముందుజాగ్రత్తగా కళ్లజోడు జేబులో పెట్టుకుని మరీ కూర్చున్నాడు! సంతకం పెట్టాక ఆ రోజు ఎందుకు నవ్వారని అడిగేశాను.

“నేను మీ పుట్టింటి ఊళ్లో పదేళ్లు పనిచేశానమ్మా. మాస్టారి దగ్గర నేర్చుకున్నవాళ్లు ఎవరొచ్చినా మొదటి పరీక్షలో గెంతాల్సిందే. మా ఆఫీసులో వాళ్లని ఒంటికాలి బ్యాచ్ అనేవాళ్లం” అన్నాడు. పైగా గొంతు తగ్గించి, “నేనూ ఆ బ్యాచే. ఈ ఉద్యోగం రాకముందు మూడుసార్లు ఫెయిలయ్యాను” అన్నాడు.

అన్నయ్యా! నా ఒక్కదానికే అనుకున్నాను. ఊరందరికీ తొక్కావా?

“మరి మీకు ఆయన మీద కోపం రాలేదా?” అన్నాను. “రాకేం? కానీ చిన్నప్పటి నుంచీ నన్ను తిట్టకుండా ఏదైనా నేర్పింది ఆయనొక్కడే” అన్నాడు.

ఒక్కటి మాత్రం చెప్పాలి. నాకు బండి నడపడం రాదని తెలిసుంటే ఆరోజు మీటింగులో నేనూ చెప్పులే చూసుకునేదాన్ని. వచ్చనుకున్నాను కాబట్టే చెయ్యెత్తాను. వ్యాన్ మాకే ఉంచేశారు.

నీ ఒంటికాలి బ్యాచ్,
చెల్లాయి

తా.క.: పొద్దున మొదటి ట్రిప్పు. ఇటుకల బట్టీ ఎత్తు మీద, అందరూ చూస్తుండగా, నడిరోడ్డు మీద బండి ఆగిపోయింది. పిల్లలు పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వి మళ్లీ స్టార్ట్ చేశాను. ఏమీ కాలేదన్నయ్యా.