శ్రుతి మార్చిన మధ్యాహ్నం

అక్కా,

నువ్వు ఎన్నిసార్లు ఫోన్ చేసినా ఎత్తలేదని కోపగించుకోకు. మాట్లాడితే ఏడుస్తాను. ఏడిస్తే పక్కగదిలో ఉన్న ఆయనకు వినబడుతుంది. అందుకే రాస్తున్నాను.

ఆయన పరిస్థితి అలాగే ఉంది. పక్షవాతం వచ్చిన కుడిచెయ్యి ఇంకా లేవడం లేదు. మాట ముద్దముద్దగా వస్తోంది. ఆయన మళ్లీ పాడగలరా అన్న సంగతి డాక్టరుగారు ఎత్తలేదు, మేమూ అడగలేదు. లేపి కూర్చోబెట్టడం, స్నానం, మందులు, మళ్లీ పడుకోబెట్టడం. నా ఒళ్లు హూనమైపోయింది. కూర్చున్నచోటే కునుకు పడుతోంది.

నిన్న మా ట్రూపు తబలా పెద్దాయన వచ్చాడు. రిటైరైన రైల్వేవాళ్ల సభకు ఏటా మేమే పాడతాం కదా, ఈసారి నన్ను పాడమన్నాడు.

“నేనా?” అన్నాను.

“మరి నేనా అమ్మాయ్? నేను నోరు విప్పితే వచ్చినవాళ్లు కూడా లేచి వెళ్లిపోతారు.”

నవ్వాను గానీ రానని చెప్పేశాను. రానన్న కారణం నీకు కూడా ఎన్నడూ చెప్పలేదు. పెళ్లయిన కొత్తలో ఒక సభలో ఆయన నాచేత ఒంటరిగా పాడించారు. పల్లవి ఎత్తుకోగానే గొంతు పట్టేసింది. ఆయన చప్పున మైకు అందుకుని పాట పూర్తిచేశారు. హాలంతా చప్పట్లు. ఇంటికొచ్చాక ముద్దుగా బుగ్గ గిల్లి, “నేను లేకపోతే ఏమైపోయేదానివే?” అన్నారు. కోపంగా అనుంటే ఎప్పుడో మరిచిపోయేదాన్ని. ఆ ముద్దే నన్ను ముంచింది. అప్పట్నుంచి ఆయన వెనక నిలబడి వంత పాడటమే నా పని. ఒక్కదాన్నే మైకు ముందుకెళ్లడం తలుచుకున్నా భయమేస్తుంది.

ఇక పాట మానేస్తున్నానక్కా. నాకు విచారంగా కూడా లేదు. అలసటగా ఉంది, అంతే.

నీ పిచ్చుక

*

అక్కా,

నీ జవాబు అందింది. “భయపడి మానేస్తున్నావా, విసిగి మానేస్తున్నావా?” అని అడిగావు. రెండూ అని రాయబోతుంటే పెద్దాయన మళ్లీ వచ్చి గుమ్మంలో కూర్చున్నాడు. పెద్దాయనకూ, మా కీబోర్డు అతనికీ నెలల తరబడి పనిలేదు. కాదనలేకపోయాను.

నిజం చెప్పనా? వెళ్లింది ధైర్యం వచ్చి కాదు. ఒక్క పూటైనా ఈ మందుల వాసన నుంచి బయటపడొచ్చని. పక్కింటి పిన్నిగారిని ఆయన దగ్గర కూర్చోబెట్టి బయల్దేరాను. రిక్షాలో కూడా నిద్రపోయాను.

మైకు ముందు నిలబడ్డాను. పల్లవి ఎత్తుకున్నాను. అనుకున్నంతా అయింది. పాట పైకి రాలేదు. అలవాటుగా పక్కకు చూశాను, అందుకోవడానికి ఎవరూ లేరు. పారిపోదామంటే అందుకూ ఓపిక లేదు. ఆ క్షణంలో నన్ను నిలబెట్టింది నీరసమేనేమో!

“క్షమించండి, గొంతు పట్టేసింది. కాస్త ఆగుతారా?” అన్నాను మైకులోనే.

ముందు వరసలో ఒక ముసలాయన, “ఆగకేం చేస్తామమ్మా, మేం వెళ్లాల్సిన బండ్లేమీ లేవు” అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

కుర్చీ తెప్పించుకుని కూర్చున్నాను. నీళ్లు తాగుతుంటే కీబోర్డు అతను వంగి, “ఏ శ్రుతిలో ఇమ్మంటారక్కా?” అని అడిగాడు. నన్ను ఆ మాట ఎవరూ అడగలేదు. ఇన్నేళ్లూ మా ఆయన శ్రుతే ట్రూపు శ్రుతి. అందులో పైకి వెళితే నా గొంతు చీలేది, కిందికి దిగితే వినబడేది కాదు. అది నా గొంతు లోపమనే నమ్మాను. మెట్టు మెట్టుగా మార్పించి, నోటికి సుఖంగా ఉన్నచోట ఆగమన్నాను.

గొప్పగా పాడానని చెప్పను. మొదటి చరణం వణికింది. రెండోది కొంచెం తక్కువ వణికింది. తర్వాతి పాటలకు వణుకు ఉండీ లేనట్టుంది. భయం పోలేదక్కా, నా పక్కనే కూర్చుంది. దాన్ని కూర్చోనిచ్చి పాడాను.

ఇంటికొస్తే ఆయన గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నారు. పెద్దాయన నాకు చెప్పాచెయ్యకుండా పిన్నిగారికి ఫోను కలిపి ఉంచాడట, ఆవిడ ఆయనకు అంతా వినిపించారట. నన్ను చూసి ఆయన మాట కూడదీసుకున్నారు.

“శ్రుతి... మార్చావు.”

“అవునండీ. మీ శ్రుతిలో నా గొంతు పలకదు. ఇన్నేళ్లూ పలకలేదు.”

ఆయన కళ్లు తడయ్యాయి. అది నాకోసమో, తన పాటకోసమో తెలియలేదు. ఒకప్పుడైతే ఆయన ఏమనుకున్నారో అని రాత్రంతా కుమిలిపోయేదాన్ని. ఆయనకు పెట్టకుండా ఏనాడూ తినని దాన్ని, “నాకు బాగా ఆకలేస్తోంది, ముందు నేను తినేసి వచ్చి మీకు పెడతాను” అన్నాను. వంటింట్లో పీట వాల్చుకుని, కడుపునిండా తిన్నాను.

నీ పిచ్చుక