రెండు నెలల బండి

థాయ్‌బిన్, త్రాలీ నది గట్టు
2001, తొమ్మిదో నెల, పున్నమి మర్నాడు

నా సిమ్ వాళ్ళమ్మకి,

ఈ సంగతి పోస్టాఫీసు ఫోనులో చెప్పలేను. వెనకాల నలుగురు నిలబడి మొగుడూ పెళ్ళాల మాటలు చెవులు రిక్కించుకుని వింటారు. అందుకే కాగితం పట్టాను. తిట్టకుండా చివరిదాకా చదువు. ఆ తర్వాత తైవాన్‌లో కూర్చుని ఎంత తిట్టినా నాకెలాగూ వినపడదు.

మన బండి జపానుది కాదు మియెన్. చైనాది.

"సముద్రం దాటి వెళ్ళి చైనా బండి కొనిచ్చిందని ఎవరూ అనకూడదు, జపానుదే కొను" అని నువ్వు రాసిన ముక్క నాకు కంఠతా వచ్చు. డబ్బు నడుముకి కట్టుకుని పట్నం వెళ్ళింది కూడా జపాను బండి కోసమే. కొట్టాయన నన్ను సీటు మీద కూర్చోబెట్టాడు. మెత్తగా, హాయిగా ఉంది. ధర అడిగాను. చెప్పాడు. అది నీ ఏడు నెలల జీతం. నువ్వు పనిచేసే ఇంటి ముసలమ్మకి ఏడు నెలలు అన్నం తినిపించి, ఒళ్ళు తుడిచి, పక్క బట్టలు మార్చిందంతా తెచ్చి నా కింద పరిచినట్టయింది. కూర్చోలేక దిగిపోయాను. ఎదురుగానే చైనా బండ్ల కొట్టు. అదే ఆకారం, అదే రంగు, రెండు నెలల జీతం. మారు మాట్లాడకుండా కొనేశాను.

అక్కడితో ఆగినా బాగుండేది. ఆ కొట్టు బయట ఒకావిడ గొడుగు కింద కూర్చుని జపాను కంపెనీ పేరున్న బిళ్ళలు అమ్ముతోంది. జత కొంటే జిగురు ఉచితం. మన జిల్లాలో తిరిగే జపాను బండ్లలో సగం ఆవిడ గొడుగు కిందే పుట్టాయని తర్వాత తెలిసింది. నేనూ ఒక జత కొని అటొకటి, ఇటొకటి అంటించాను. ఆ బిళ్ళ బాగా కనపడేలా నిలబడి ఫోటో తీయించుకుని నీకు పంపాను. దానికి మాత్రం నాకు సిగ్గుగా ఉంది.

బండి ఎలాంటిదంటావా? వారం తిరిగేసరికి మరలు వదులవుతాయి. రోజూ సాయంత్రం స్పానర్ పట్టుకుని దాని చుట్టూ ప్రదక్షిణం చేయాలి. వానాకాలం పోకముందే సైలెన్సర్ తుప్పు పట్టింది. మడ్‌గార్డు మూల్గుతుంది. పెట్రోలు ముల్లు ఎప్పుడు చూసినా నిండుగానే ఉందంటుంది, ట్యాంకు ఎండిపోయినా సరే. నేను నీకు రాసే ఉత్తరాలూ అలాంటివే కదా. కానీ పందిని బుట్టలో కట్టి సంతకి తీసుకెళ్తే నది గట్టు ఎక్కేస్తుంది. ఆగస్టులో సిమ్‌కి జ్వరం వచ్చి కళ్ళు తేలేస్తే, కుండపోత వానలో ఒక్క తన్నుకి స్టార్టయింది. పద్నాలుగు కిలోమీటర్లు ఆగకుండా ఆసుపత్రికి చేర్చింది. ఆ జ్వరం సంగతి నీకు రాయలేదు. ఇప్పుడు రాస్తున్నాను. పిల్ల బాగానే ఉంది. ఆ బండిలో నేను విప్పి బిగించలేని భాగం ఒక్కటీ లేదు. చవక సరుకే గాని నా చేతికి లొంగింది.

గుట్టు బయటపడింది మీ నాన్న తద్దినం రోజున. వానలో తడిసి వెళ్ళి వాకిట్లో బండి ఆపాను. ఆరుగురికో పళ్ళెం చొప్పున చాపల మీద అందరూ కూర్చున్నారు. మీ తమ్ముడు థిన్ సారా గిన్నె పట్టుకుని బయటికొచ్చినవాడు, గట్టిగా ఒక్క కేక పెట్టాడు.

"బావా! నీ జపాను ఊడి కోళ్ళ మధ్యలో పడింది. మింగేస్తాయేమో, చూసుకో!"

పళ్ళేలు కదిలిపోయేలా నవ్వారు. మీ పెదనాన్న మాత్రం నవ్వలేదు. "పెళ్ళాన్ని పరాయిదేశం తోలి తెచ్చుకున్నది ఈ రేకు డబ్బానా?" అన్నాడు. అత్తయ్య అందరి ముందూ నిలదీసింది. "మిగతా సొమ్ము ఏ పేకాటలో తగలేశావు అల్లుడూ? నా కూతురు అక్కడ ఒళ్ళు హూనం చేసుకుంటోంది, తెలుసా?" జవాబు ఉంది. కానీ అది నీకు చెప్పకుండా ఇంకెవరికీ చెప్పబుద్ధి కాలేదు.

మిగతా ఐదు నెలలూ పోయిన పెద్దలకి ధూపం పెట్టే పీట కింద బిస్కెట్ల డబ్బాలో భద్రంగా ఉన్నాయి. ఒక్క నోటు కూడా తీయలేదు. ఖర్చు పెట్టకుండా ఉంచితే నిన్ను ఐదు నెలలు ముందే వెనక్కి తెచ్చుకోవచ్చని నా పిచ్చి లెక్క.

ఈ నెలాఖరుకి మూడో ఏడాది పని ఒప్పందం కాగితం మీద సంతకం పెడతానని రాశావు. పెట్టకు మియెన్. ఇన్నాళ్ళూ "నీ ఇష్టం" అని రాస్తూ వచ్చాను. నాకు ఇష్టం లేదు. మొదటి ఏడాదీ లేదు. సిమ్‌ని వెనక కూర్చోబెట్టుకుంటే సీటు ఇంకా సగం మిగిలిపోతుంది. గట్టు మీద వెళ్తుంటే వెనక ఎవరూ ఆనుకోక వీపంతా చలిగా ఉంటుంది. అంతకంటే బాగా చెప్పడం నాకు రాదు.

నీ
దియెన్

*

తైచుంగ్
పదో నెల, ఆరో రోజు

సిమ్ వాళ్ళ నాన్నకి,

చివరిదాకా చదివాను. మధ్యలో రెండుసార్లు తిట్టాను. ఒకటి జ్వరం సంగతి దాచినందుకు, రెండోది మా అమ్మ చేత అన్ని మాటలు పడి నోరు మూసుకున్నందుకు. అమ్మకి వేరే ఉత్తరం రాశాను. ఇక నీ జోలికి రాదు.

బండి సంగతి నాకెలా తెలుస్తుంది? నేను బిళ్ళ చూడలేదు, నిన్నే చూశాను. కొత్త చొక్కా, కొత్త బండి, నవ్వు మొహం. ఆ ఫోటో పట్టుకుని స్నానాల గదిలో తలుపేసుకుని ఏడ్చాను. నేను లేకపోయినా వీళ్ళకి అన్నీ అమరిపోయాయి, ఇక నేను పంపే డబ్బు చాలు, నాతో పనిలేదు అనుకున్నాను. సంతకం పెడతానని రాసింది ఆ పూటే. వద్దంటావేమోనని మూడు ఉత్తరాలు ఎదురు చూశాను. మూడింట్లోనూ "నీ ఇష్టం" అనే రాశావు. నీ ఇష్టం మండిపోనూ! ఆ ఒక్క ముక్కా రాయడానికి నీకు బండి బిళ్ళ ఊడిపోవాల్సి వచ్చిందా?

నేనూ అబద్ధాలు రాశాను. నాకు గదీ లేదు, మంచమూ లేదు. ముసలమ్మ మంచం పక్కన నేల మీద పడుకుంటాను. ఆవిడ పిలిస్తే లేవాలి. ఆవిడ మంచిదే పాపం, కానీ నన్ను పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఇక్కడ ఎవరూ లేరు. నీ ఉత్తరంలో మియెన్ అని రాసిన చోటల్లా వేలు పెట్టి మళ్ళీ మళ్ళీ చదువుకున్నాను.

సంతకం పెట్టలేదు. ఏజెన్సీవాళ్ళు కాగితం ముందు పెడితే, మా ఆయన వద్దన్నాడని చెప్పాను. ఆ మాట అంటుంటే ఎంత గర్వంగా ఉందో. వచ్చే నెల ఇరవైన మధ్యాహ్నం హనోయిలో దిగుతాను.

ఒక్కటే షరతు. ఊళ్ళో అందరూ చేసినట్టు వ్యాను మాట్లాడి, పెదనాన్నలనీ పిన్నులనీ పదహారు మందిని ఎక్కించుకుని విమానాశ్రయానికి రావద్దు. వాళ్ళందరి మధ్య కూర్చుంటే నీ మొహం చూడ్డానికి కూడా నాకు సందు దొరకదు. సిమ్‌ని అమ్మ దగ్గర వదిలి, నువ్వొక్కడివే ఆ బండి మీద రా. నూటపాతిక కిలోమీటర్లు దానివల్ల అవుతుందా అని ఎవరైనా అడిగితే పట్టించుకోకు. అది ఎక్కడెక్కడ ఆగిపోతే అక్కడక్కడ దిగుదాం. నువ్వు హ్యాండిల్ పట్టుకో, నేను వెనకనుంచి తోస్తాను. రెండేళ్ళుగా పరాయివాళ్ళ అమ్మ చక్రాల కుర్చీ తోసిన చేతులివి, మన బండి తోయలేవా?

నీ
మియెన్