టీచరమ్మ జడ, ఆల్చిప్ప అచ్చు

1982 మే, గురువారం రాత్రి

అమ్మయ్య, పరువు దక్కింది. టీచర్ల వేసవి శిక్షణ క్లాసులో శిలాజం ఎలా ఏర్పడుతుందో చేసి చూపించమని సారు నాకు అప్పగించారు. శిలాజం! రాతిలో పుట్టినది. ఎంత మంచి మాట! తీరా ప్లాస్టర్ కలిపాక చూస్తే ఆల్చిప్పకి రాసే నూనె తేలేదు. రాయకపోతే చిప్ప ఊడిరాదు. ప్లాస్టరేమో గట్టిపడిపోతోంది. ఇది చెడితే రేపటి పాఠం ఇంకొకరికి పోతుంది.

నా పక్కనున్న మల్కాపురం టీచరమ్మ పకపకా నవ్వింది. "ఏటే పిల్లా, నూనికే ఏడుత్తన్నావా? నా జడ లేదేటి?" అంటూ చిప్పని జడకేసి రుద్ది ఇచ్చింది.

చిప్పని ప్లాస్టర్లో నొక్కి, గట్టిపడ్డాక తీస్తే అచ్చు ప్రతి గీతతోనూ దిగింది. "రేపూ నువ్వే చెప్పు," అన్నారు సారు.

నూనె సీసా ఇప్పుడే సంచిలో పెట్టేశాను. రేపు ఇంకేం మర్చిపోతానో...