చలికాలంలో చిగురు

అమీర్‌పేట,
ఆదివారం.

అక్కకు,

చెల్లెలు సువర్ణ దండం పెట్టి రాస్తున్న సంగతులు. నేను బాగున్నాను. పోయిన నెల పట్టుకున్న దగ్గు పూర్తిగా పోయింది, దాని గురించి ఇక అడగకు. నీ మోకాలి నొప్పి ఎలా ఉంది? మీ అత్తమ్మ కంట్లో చుక్కల మందు మానకుండా వేస్తున్నావా? బావ బోరు పనికి వెళ్తున్నాడా? అందరూ బాగున్నారనే అనుకుంటున్నాను. ఈ ఉత్తరం నువ్వే చదువుకో. ఏడో తరగతి చదివిన దానివి. బావ చేత చదివిస్తే సగం మింగేస్తాడు.

కిలో కూర ఎందుకు ఎండబెట్టించానని నువ్వు ఫోన్లో రెండుసార్లు అడిగావు. చెప్పబోతే “సరే సరే, పైసలైతయి” అని పెట్టేశావు. అందుకే రాస్తున్నాను. ఈ సంగతి నీకు తెలియాలి.

నా ఆఫీసు పంజాగుట్టలో, ఫ్లైఓవర్ పక్కన ఒక మేడ మూడో అంతస్తులో ఉంది. హాస్టల్ నుంచి నడిచే వెళ్తాను. దారిలో మెట్రో రైలు కోసం తవ్వుతున్నారు, చెప్పుల నిండా బురదే. వానలు ఇంకా వదల్లేదు. హాస్టల్ సాంబారులో ముక్క కోసం వెతుక్కోవాలి, అయినా కడుపు నిండుతుంది, దిగులు పడకు. మొన్న సందు చివర ఒకామె గంగవాయిలి కూరను గుప్పెడు చొప్పున కట్టలు కట్టి అమ్ముతుంటే కాసేపు నిలబడి చూశాను. మనం కలుపు తీస్తూ ఒడిలో వేసుకునే కూర. వండుకునే వీలు లేదు కాబట్టి కొనలేదు. ఒంటరిగా ఉంటుందా అని అడుగుతావు కదా. ఆదివారాలు ఉంటుంది. మిగతా రోజులు పని ఉంటుంది.

పని సంగతి ఇది. పోయిన ఏడాది జపాన్‌లో సముద్రం ఊళ్ళ మీద పడి, అణు కరెంటు కేంద్రం పాడైందని సర్పంచ్ ఇంట్లో టీవీలో చూశాం. అందులోంచి లేచిన విషం గాలిలో పోయి కొండల మీద, అడవుల మీద పడింది. కంటికి కనపడదు, వాసన రాదు. మట్టిలోకి దిగి, మట్టిలోంచి ఆకులోకి వస్తుంది. పొలాల్లో అయితే పైమట్టి చెక్కి తీసేశారట. అడవిని ఎవరు చెక్కుతారు? అక్కడా మనలాంటి ఆడవాళ్ళు ఉన్నారక్కా. కొండకు పోయి చిగుళ్ళు, పుట్టగొడుగులు ఏరుకుని తింటారు. ఇప్పుడు ఏరినదాన్ని సంచిలో వేసి పరీక్షకు ఇవ్వాలి. మిషన్ కిలోకు ఎంత విషం ఉందో చెబుతుంది. ఇంతకు మించితే తినకూడదని ఒక గీత పెట్టుకున్నారు. ఆ కాగితాలు గుట్టలు పడిపోతే ఇంగ్లీషులోకి మార్చి మా ఆఫీసుకు పంపారు. మేం కంప్యూటర్లో ఎక్కించి, తప్పులు సరిచూసి పంపిస్తాం. ఆ లెక్కను బట్టే కూర ఇచ్చినవాళ్ళకు చీటీ పోతుంది.

మా టీం లీడర్ ప్రసాద్ గారిది గుంటూరు వైపు. చెడ్డవాడు కాదు, తొందర మనిషి. ఈ కాగితాలు వచ్చిన మొదటి రోజే ఒక పద్ధతి చెప్పాడు. “ఒకే ఊరు, ఒకే ఆకు. ఒకచోట ఇంత, ఇంకోచోట దానికి పదింతలు ఏంటండీ? ఎవరో సున్నా ఎక్కువ కొట్టారు. తీసేయండి.” అందరం తీసేశాం. నేనూ రెండు వారాల పాటు తీసేశాను. బాగా చేస్తున్నాననే అనుకున్నాను.

ఒకరోజు ఒక చిగురు పేరు దగ్గర చెయ్యి ఆగింది. పసిపిల్ల పిడికిలిలా ముడుచుకుని మొలిచే ఆకు అది, బీఎస్సీలో చదివాను. చలి పోయి ఎండ వచ్చాకే మొలుస్తుంది. సున్నా ఎక్కువున్న కాగితాలన్నీ వెనక్కి తిరగేశాను. అన్నీ చలికాలం తేదీలే. మంచు కింద చిగురు ఎక్కడిది? మనకు మాఘంలో చింతచిగురు ఉంటే అది కుండలోది, చెట్టుది కాదు. వాళ్ళూ ఎండబెట్టి దాచుకున్నారన్నమాట. గోనెసంచి చిగురు ఎండితే ముంతెడు అవుతుంది. నీళ్ళు పోతాయి కానీ విషం పోదు. పది కిలోల ఆకులో ఉన్నదంతా కిలో ఎండు ఆకులో కూర్చుంటుంది. ఆ సున్నా ఎవరూ ఎక్కువ కొట్టలేదు.

ఆ ఫైలు ఆపేశాను. పక్క సీటు నరేష్ ఇక్కడివాడే. వాడు కుర్చీ జరుపుకుని వచ్చి, “ప్రొబేషన్ల ఉన్నవ్ సువర్ణా. నెలాఖరు దాక జర సబర్ పట్టరాదు? గాయన తీసెయ్యమన్నడు, తీసెయ్. నీకేం ఫికర్?” అన్నాడు.

ప్రొబేషన్ అంటే మూడు నెలలు పనితనం చూసి ఉంచుకోవడమో, పంపించడమో. నాకు ఇరవై రోజులు మిగిలాయి. సాయంత్రానికి ప్రసాద్ గారు వచ్చారు.

“ఏంటండీ సువర్ణ గారూ, మీ ఫైళ్ళు కదలట్లేదు?”

“ఇవి ఎండు కూరలు సార్. పది కిలోలు ఎండితే కిలో అవుతుంది. సున్నా తీయొద్దు.”

“ఎండబెడితే సున్నా పెరుగుతుందా?”

నరేష్ ఊరుకోడు కదా. “గట్లయితే నా జీతం సుత డాబా మీద ఎండబెడ్త సార్” అన్నాడు. అంతా నవ్వారు. నాకూ నవ్వొచ్చింది కానీ నవ్వలేదు.

“మనం చూడాల్సింది డేటా, బోటనీ కాదు. నెలాఖరుకు మీ గురించి నన్నేం రాయమంటారు? ఆకు అంత తగ్గుతుందని మీకెవరు చెప్పారు?”

“తూకం వేసి చూపిస్తాను సార్” అన్నాను.

అప్పుడు చేశాను నీకు ఫోను. “పిచ్చి లేసిందా? కిలో దొగ్గలికూర వండుకుంటే రెండు పూటలు ఎల్లుతది, ఎండబెట్టుడేందే?” అన్నావు. అన్నావే గానీ చేశావు. నాలుగు రోజులు రేకుల మీద ఆరేసి, చినుకు పడ్డప్పుడల్లా లోపలికి తెచ్చావు. దుకాణపాయన “ఏం లచ్చక్కా, గడ్డి తూకానికి తెచ్చినవ్, బీడీలు చుడ్తవా?” అంటే పట్టించుకోలేదు. “నూటపది గ్రాములు, రాసుకో. సంచి బరువు తీసేసిన” అని చెప్పావు. సంచి బరువు తీయమని నేను చెప్పలేదు. ఎంసీఏలు చదివినవాళ్ళు మా ఫ్లోరులో తొమ్మిది మంది ఉన్నారు, వాళ్ళలో ఎంతమందికి తట్టేదో నాకు తెలియదు.

తెల్లారి కాగితం ప్రసాద్ గారి ముందు పెట్టాను.

“ఎవరు తూచారు?”

“మా అక్క.”

“ఆవిడ సైంటిస్టా?”

“కూలికి పోతది సార్. పొలాల్లో కూర ఏరుతది.”

కాసేపు కాగితం చూశాడు. “సంచి బరువు తీశారా?” అన్నాడు.

“తీసింది.”

కుర్చీ కంప్యూటర్ వైపు తిప్పుకున్నాడు. జపాన్ వాళ్ళకు మెయిల్ రాయడం మొదలుపెట్టాడు. ‘మా ఫీల్డ్ సిబ్బంది తూచారు’ అని రాస్తుంటే, అలా కాదు సార్, ఉన్నది రాయండి అన్నాను. నా మొహం ఒకసారి చూసి కొట్టేశాడు. ‘మా ఉద్యోగి అక్క లక్ష్మి, కూరాకు ఏరే మనిషి, తూచి చెప్పారు’ అని రాశాడు. ఇంగ్లీషులో ఉంది. నేను రెండుసార్లు చదివాను.

జవాబుకు నాలుగు రోజులు పట్టింది. ఆ నాలుగు రోజులు నేను ఒక్క సున్నా కూడా తీయలేదు. పెట్టె సర్దుకోలేదు గానీ మన ఊరి వైపు బస్సులు ఎన్నింటికో అడిగి ఉంచుకున్నాను. ఐదో రోజు ప్రసాద్ గారు అందరినీ నిలబెట్టి మెయిల్ చదివారు. అవి ఎండు కూరలే. నానబెట్టిన బరువుకు ఎంతవుతుందో వాళ్ళే లెక్క కడతారట, మేం అంకెలు ముట్టుకోకూడదట. మేం తగ్గించిన ఫైళ్ళు ఇంకా పోలేదు కాబట్టి సరిపోయింది, పంపి ఉంటే వాళ్ళు అదే లెక్కను ఇంకోసారి తగ్గించేవారు. విషమున్న కూర కూడా మంచిదేనని చీటీ పోయేది.

“తప్పు నాదండీ” అన్నారు ప్రసాద్ గారు, అందరి ముందే. “మీ అక్కయ్య గారికి నా థాంక్స్ చెప్పండి.” చెప్తున్నాను. నరేష్ నన్ను ఇప్పుడు కూరక్కా అని పిలుస్తున్నాడు. నెలాఖరుకు ఆగకుండానే నా ఉద్యోగం ఖాయం చేశారు. గొప్పలు చెప్పుకోవడం మన ఇంట్లో ఎవరికీ రాదు. దీన్ని మాత్రం చెప్పుకో. దుకాణపాయనకు ముందు చెప్పు.

తీసిన సున్నాలన్నీ తిరిగి పెట్టడానికి రెండు వారాలు పట్టింది. నేను తీసినవి నేనే పెడతానని అడిగి తీసుకున్నాను. వాటిలో ఒక ముసలామె కాగితం ఉంది. ‘కూతురికి పంపేముందు చూపించుకుందామని తెచ్చింది’ అని పక్కన రాసి ఉంది. నానబెట్టి లెక్క కట్టినా అది గీత దాటుతుందని ప్రసాద్ గారు చూసి చెప్పారు. ఏడాది పొడుగునా దాచుకున్న కూర, పారబోసుకోమని ఆమెకు చీటీ పోతుంది. తిట్టుకుంటుంది, తిట్టుకోనీ. కూతురికైతే పంపదు.

పెద్దమ్మకు, మీ అత్తమ్మకు నా దండాలు చెప్పు, నన్ను దీవించమని చెప్పు. బావను అడిగానని చెప్పు. నువ్వు మోకాలికి కాపడం పెట్టుకో. నా గురించి ఫికర్ చెయ్యకు, నేను ఇక్కడ ఉంటాను.

నీ చెల్లెలు,
సువర్ణ